గడియ లోపలి వైపు

తెల్లవారడానికి ఇంకా గంట పైనే ఉంది. చెన్నై సెంట్రల్ స్టేషన్‌ను ఆనుకుని ఉత్తరానికి పోయే వాల్ ట్యాక్స్ రోడ్డు మీద మీరు నడుస్తున్నారు. ఎడమ వైపు గోడ అవతల రైలు పెట్టెలు ఒకదానికొకటి తగులుకుంటున్న చప్పుడు. కుడి వైపు పార్సిల్ ఆఫీసుల షట్టర్లు, వాటి ముందు వరసగా పడుకున్న మనుషులు. చాలామంది లోడు ఎత్తే కూలీలు. లుంగీ తల మీదికి లాక్కుని, చెప్పులు తల కింద పెట్టుకుని, ఒకరి పక్కన ఒకరు నిద్రపోతున్నారు. మీ ముందు నడుస్తున్న అక్క వాళ్ళ దగ్గర ఆగదు. ఆమె కళ్ళు వరస దాటి పోతున్నాయి.

"గుంపులో పడుకున్నోళ్ళకి ఎవరో ఒకరుంటారు. గుంపు రానియ్యనోళ్ళు యాడుంటారో చూడాల మనం," అంటుంది.

నెల్లూరు పక్క మాట. చేతిలో గుడ్డసంచి. అందులో నీళ్ళ సీసా, బిస్కెట్లు, ఉతికిన నైటీ, శానిటరీ ప్యాడ్లు, దూది, గాజుగుడ్డ. మెడలో గుర్తింపు కార్డు ఉంది గానీ కొంగు కింద దాచుకుంది. కార్డు కనబడితే పోలీసనుకుంటారు, లేదా ఆస్పత్రి మనిషనుకుంటారు. ఎవరనుకున్నా లేచి పరిగెత్తుతారు.

ఆమె ఉద్యోగం పీర్ వర్కర్. మనసు జబ్బుతో రోడ్డున పడి, కోలుకుని, ఇప్పుడు అదే రోడ్డు మీద ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళే పని. ఆమెకు ఇక్కడ పేరు పెట్టడం లేదు. ఈ పని చేసే చాలామంది ఈమెలో కలిసి ఉన్నారు. ఈమె ఎవరి దగ్గరికి వెళ్తోందో ఆ మనిషిలోనూ చాలామంది ఉన్నారు.

ఆ మనిషి అదుగో. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె వెనక, గోడకు వీపు ఆనించి. ఆ పక్కకు ఎవరూ రారు కాబట్టే అక్కడ కూర్చుంది. జుట్టు అట్టలు కట్టింది. ఒంటి మీద ఒకదాని పైన ఒకటిగా మూడు నాలుగు బట్టలు. ఒళ్ళో ప్లాస్టిక్ సంచుల మూట. కుడి కాలి మడమ దగ్గర పుండు; చీకట్లో కనబడదు, వాసన చెబుతుంది. మీకు ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. మూసుకోకండి. ఆమె చూస్తోంది.

అక్క ఎదురుగా వెళ్ళదు. నిలబడి మాట్లాడదు. నాలుగడుగుల దూరంలో, పక్కగా, నేల మీద కూర్చుంటుంది, పారిపోవడానికి దారి వదిలి. మిమ్మల్ని కూడా కూర్చోమంటుంది. మూట వైపు చూడొద్దని సైగ చేస్తుంది. మూట ముట్టుకోవడమంటే అడగకుండా ఒకరి ఇంట్లో జొరబడడమే.

తమిళంలో పలకరింపు. జవాబు లేదు. హిందీలో రెండు ముక్కలు. లేదు. కానీ ఆమె మాట్లాడుతూనే ఉంది, మీతో కాదు. కనబడని ఎవరితోనో తగువు. అక్క తల వంచి వింటుంది. కాసేపటికి ఒక ముక్క తేటగా వస్తుంది: "ఎల్లిపోమంటే ఎల్లవేటి?"

"తెలుగే," అంటుంది అక్క మీతో, గొంతు తగ్గించి. "శ్రీకాకుళం సైడు."

హౌరా వైపు నుంచి వచ్చే మెయిళ్ళు ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం రోడ్డు మీదుగా విజయవాడ, గూడూరు దాటి ఇక్కడికొచ్చి ఆగుతాయి. పట్టాలు ఇక్కడితో సరి. టికెట్టు లేకుండా, ఎక్కడికో తెలియకుండా రైలెక్కిన మనిషి దిగక తప్పని చోటు ఇది. ఉత్తరాంధ్ర ఊళ్ళో తప్పిపోయిన మనిషి చెన్నైలో తేలడం వెనక పెద్ద రహస్యమేమీ లేదు.

"అమ్మా, టీ తాగుతావా?"

"నాకేటీ వద్దు."

"సరే. నేను తాగతా. ఈడనే కూర్చుంటా. నీకు ఇబ్బందైతే చెప్పు, లేచి పోతా."

ఆమె మొదటిసారి తల తిప్పి చూసింది. లేచి పోతానన్న మనిషిని చూసింది. రోడ్డు మీద ఇన్నాళ్ళలో ఆమెను లెమ్మన్నవాళ్ళు, పొమ్మన్నవాళ్ళు, లాక్కుపోబోయినవాళ్ళు ఉన్నారు. నువ్వు పొమ్మంటే నేను పోతాను అన్నవాళ్ళు ఉన్నట్టు లేరు.

తర్వాత చాలాసేపు ఏమీ జరగదు. మీరు విసుక్కోవచ్చు. ఈ పనిలో ఎక్కువ భాగం ఇదే. ఆకాశం బూడిద రంగుకు తిరుగుతుంది. ఎదురు టీ కొట్టు మాస్టరు స్టవ్ వెలిగిస్తాడు. అక్క రెండు గ్లాసులు తెచ్చి, ఒకటి ఇద్దరికీ మధ్య నేల మీద పెడుతుంది. ఆమె ముట్టుకోలేదు. అది చల్లారిపోయింది. మాస్టరు అడక్కుండానే ఒక బన్ను కాగితంలో చుట్టి ఆమె పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. అది మాత్రం తీసుకుంది. రోజూ పెడతాడట.

ఇలాంటి మాస్టర్లను నమ్ముకుని కోల్‌కతాలో ఈశ్వర్ సంకల్ప అనే సంస్థ 'నయా దౌర్' పేరుతో ఒక పద్ధతినే నిలబెట్టింది. మనిషిని రోడ్డు నుంచి ఎత్తుకుపోకుండా, ఉన్నచోటికే వైద్యం తీసుకెళ్తారు. టీ కొట్టు వాళ్ళు, చిల్లర దుకాణాల వాళ్ళు అన్నం పెట్టి మాత్ర వేసేలా చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సమాజంలోనే అందే మానసిక వైద్యం మీద ఇచ్చిన మార్గదర్శకంలో ఆ పనిని ఒక మంచి నమూనాగా చూపించింది. సొంతవాళ్ళు లేనిచోట ఎవరు సొంతవాళ్ళవుతారో ఆ నగరం ముందే కనిపెట్టింది.

"పుండు చూడనిస్తావా?"

"నేదు."

"సరే. రేపొస్తా."

మీరు లేస్తారు. మీకు కోపం వస్తుంది. ఆ కాలు అలా వదిలేసి పోతామా? మీరు అడిగే ముందే అక్క చెబుతుంది. మాట తీరులో ఆవేశం లేదు, చాలాసార్లు చెప్పిన మాటలా ఉంది.

"నన్ను నలుగురు పట్టుకుని వ్యాన్‌లో యేశారు. మంచికే యేశారు, నేను కాదన్ను. అన్నం పెట్టారు, సూదేశారు. పొద్దున లేచి తల తడువుకుంటే జుట్టు లేదు. పేలున్నాయి, పుండ్లున్నాయి, తీయాల్సిందే. కానీ ఎవురూ అడగలా. ఆ ఒక్కదానికి వాళ్ళని మూడు నెలలు నమ్మలా నేను. మాత్ర నాలిక కింద పెట్టుకుని ఊసేసేదాన్ని."

నా వరకు ఈ విషయంలో సందేహం లేదు. వీధిలో ఉన్న మనిషి సాయాన్ని కాదనడం లేదు, పట్టుకుపోవడాన్ని కాదంటోంది. పైనుంచి చూసేవాళ్ళకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకసారి పట్టుబడ్డ మనిషికి ఆ తేడా ఒంటి మీద తెలుసు. పీర్ వర్కర్ తెచ్చేది ఆ తెలివిడి. అది ఏ డిగ్రీలోనూ దొరకదు. అలాంటి మనిషిని సభల్లో వేదికెక్కించి చప్పట్లు కొట్టి, జీతం దగ్గరికొచ్చేసరికి గౌరవ వేతనమని చేతిలో కాస్త పెట్టడం నాకు మింగుడుపడదు.

అక్కకు ఇప్పటికీ గొంతులు వినిపిస్తాయి. దాచుకోదు. ఆటోలో కూర్చోగానే ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. "ఇయ్యాల కొంచెం ఎక్కువగా ఉంది. పాటలు పెడితే తగ్గతాది." రాత్రి మాత్ర మానదు. మరీ కష్టమైన రోజున ఫోన్ చేసి రానని చెబుతుంది, ఎవరూ సంజాయిషీ అడగరు. ఆ వెసులుబాటు లేకుండా ఇలాంటివాళ్ళను పనిలో పెట్టుకుంటే వాళ్ళను మళ్ళీ జబ్బులోకి నెట్టినట్టే.

మూడో రోజు పుండులో పురుగులు కనబడ్డాయి. సాయంత్రం అక్క పనిచేసే సంస్థ బృందం కూర్చుంది. డాక్టరు చెప్పినదాంట్లో తప్పులేదు: ఇంకా ఆగితే కాలు పోవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షను పోలీసులకు బాధ్యత పెట్టింది. తన్ను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మనిషిని రక్షణలోకి తీసుకోవాలి, లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోగా దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య సంస్థకు చేర్చాలి. ఇల్లు లేని మనిషయితే తప్పిపోయినట్టు ఎఫ్ఐఆర్ రాసి కుటుంబాన్ని వెతకాలి. పాత రోజులతో పోలిస్తే ఇది చాలా మానవత్వమున్న చట్టం. ఒక్క ఫోను చేస్తే పని అయిపోతుంది.

"రేపు ఒక్క పూట ఇయ్యండి," అంది అక్క. "డాక్టరమ్మ కూడా రావాల. కుర్చీ అడగకూడదు, కింద కూర్చోవాల."

డాక్టరమ్మ వచ్చింది. కింద కూర్చుంది. ఉప్పునీళ్ళు, గాజుగుడ్డ, పేవ్‌మెంట్ మీదే. అక్క ప్రతి అడుగూ ముందే చెప్పింది: ఇప్పుడు నీళ్ళు పోస్తారు, చల్లగా ఉంటది, ఇప్పుడు మంట పుడతది, చాలంటే ఆపేస్తారు. మధ్యలో ఒకసారి ఆమె చాలంది. ఆపేశారు. కాసేపటికి తనే కాలు ముందుకు చాపింది. ఆ పూట, ఆస్పత్రికి వెళ్దామా అన్నప్పుడు ఒక్కటే అడిగింది, మూట తన దగ్గరే ఉంటుందా అని. ఆటోలో చివర కూర్చుంటానంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు దిగడానికి వీలుగా. అలాగే కూర్చోబెట్టారు. ఆమె దిగలేదు.

ప్రతిసారీ ఇలా జరగదు. పోలీసుల్ని పిలవాల్సిన రోజులుంటాయి, పిలవకపోతే మనిషి చచ్చిపోయే రోజులుంటాయి. అప్పుడు కూడా పక్కన అక్కలాంటి మనిషి ఉంటే చేతులు పట్టే తీరు మారుతుంది.

తర్వాతి నెలల్ని త్వరగా దాటేద్దాం. రక్తహీనతకు మందు, పుండుకు రోజూ కట్టు, గొంతులు తగ్గే మందు. ఆ మందుతో చేతులు వణుకుతాయి, ఒళ్ళు బిగుసుకుంటుంది. అప్పుడు మోతాదు మార్చాలి, వణుకుకు వేరే మాత్ర ఇవ్వాలి. ఇది కూడా ముందే చెప్పి పెట్టేది అక్కే: "వణుకుద్ది, భయపడబాకు, నాకూ వణికింది." జుట్టు సంగతి ఆమెనే అడిగారు. సగం కత్తిరించుకోనిచ్చింది.

ఒక మధ్యాహ్నం ఊరి పేరు చెప్పింది. పలాస అవతల. సోషల్ వర్కర్ అక్కడి పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి, వాళ్ళ ద్వారా ఊరివాళ్ళను పట్టుకుని, చివరికి తమ్ముణ్ణి కలిపింది. అవతలి వైపు చాలాసేపు ఏడుపు. చచ్చిపోయిందనుకుని కర్మలు కూడా చేసేశారట. ఆ తర్వాత నెమ్మదిగా ఇంకో మాట: "పిల్లకి సంబంధం చూస్తున్నామండీ. ఇప్పుడు తీసుకొస్తే..." అతన్ని తిట్టాలని మీకనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ రెండు గదుల ఇల్లు, జీడిపిక్కల పనిలో వచ్చే కూలి, నెలనెలా మందు కోసం పట్నం ప్రయాణం, ఊరి నోరు, ఇవన్నీ అతనొక్కడి మీద వేసి ప్రేమ లేదనడం న్యాయం కాదు.

అసలు గోడ ఇక్కడ ఉంది. జబ్బు తగ్గింది. వెళ్ళడానికి చోటు లేదు. కాబట్టి ఆస్పత్రిలోనే ఉండాలి. ఇలా ఉండిపోయిన మనుషులు దేశంలో చాలా మానసిక చికిత్సాలయాల వార్డుల్లో కనిపిస్తారు. అదే 2017 చట్టం 19వ సెక్షను స్పష్టంగా చెప్పింది: కుటుంబం లేదనో, కుటుంబం ఒప్పుకోలేదనో, ఇల్లు లేదనో, బయట తగిన వసతి లేదనో ఏ మనిషినీ ఆస్పత్రిలో ఉంచేయకూడదు. సమాజంలో బతకడం ఆ మనిషి హక్కు. తోడు ఉండే ఇళ్ళు, హాఫ్‌వే హోమ్‌లు ఏర్పాటు చేయడం ప్రభుత్వం బాధ్యత. చట్టం 2018 మేలో అమల్లోకి వచ్చింది. ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు మానసిక ఆస్పత్రులకూ వర్తించేది ఈ చట్టమే.

చెన్నై ఈ గోడను చాలా ముందే గుద్దుకుంది. 1993లో వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరు యువతులు వీధిలో పడి ఉన్న మనసు జబ్బు ఆడవాళ్ళ కోసం 'ద బానియన్' అనే సంస్థ మొదలుపెట్టారు. వాళ్ళ ఆశ్రయ కేంద్రం పేరు అడైక్కలం. ఎందరో కోలుకుని ఇళ్ళకు వెళ్ళారు. వెళ్ళలేనివాళ్ళు ఏళ్ళ తరబడి అక్కడే మిగిలారు. 2015లో ఆ సంస్థ 'హోమ్ ఎగైన్' మొదలుపెట్టింది: మామూలు వీధిలో మామూలు అద్దె ఇల్లు, అందులో నలుగురైదుగురు, ఎవరితో ఉండాలో వాళ్ళ ఇష్టం, అవసరమైనంత సాయానికి ఒక సహాయకురాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ 2021 మార్గదర్శకంలో దీన్నీ చేర్చింది.

సముద్రాల అవతల న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకో దారిలో ఇదే చోటికి వచ్చాడు. వీధిలో వైద్యం చేస్తూ, తాను ఆస్పత్రికి పంపినవాళ్ళే తిరిగి అదే వీధిలో కనబడడం చూశాడు. అప్పటి పద్ధతిలో ముందు మందు వేసుకోవాలి, మత్తు మానాలి, ఆ తర్వాతే ఇల్లు. 1992లో అతను ఆ వరస తిరగేశాడు. ముందు ఇల్లు, తాళంచెవి చేతికి. మిగతావి ఆ మనిషి నిర్ణయం. అతని తొలి బృందంలో ఒకప్పుడు ఇల్లు లేకుండా బతికిన మనిషి కూడా ఉన్నారు. ఇలా ఇల్లు పొందినవాళ్ళలో ఐదింట నాలుగు వంతుల మంది ఇల్లు నిలబెట్టుకున్నారని తర్వాతి అధ్యయనం తేల్చింది. కెనడా 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో రెండు వేల మందికి పైగా మనుషులతో ఇదే పరీక్షించి ఇలాంటి ఫలితమే చూసింది.

ఇప్పుడు చెన్నై శివారులో అలాంటి ఒక ఇంటి ముందు చెప్పులు విప్పండి. గుమ్మంలో ముగ్గు. తలుపుకు గడియ లోపలి వైపు ఉంది. ఇది చిన్న సంగతి కాదు. ఇదే తమిళనాట ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు మానసిక కేంద్రం పాకలకు నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదలలేక కాలిపోయారు. ఆ గొలుసుకూ ఈ గడియకూ మధ్య దూరం ఎంతో, ఇంకా ఎంతమంది ఆ దూరం దాటలేదో ఈ గుమ్మంలో నిలబడితే గుర్తుకు రాకుండా ఉండదు.

లోపల నలుగురున్నారు. ఒకావిడ చేపలు కడుగుతోంది. ఇంకొకావిడకు ఆ వాసన పడదు, వసారాలో అలిగి కూర్చుంది. టీవీ రిమోటు మీద నిన్న రాత్రి జరిగిన గొడవ ఇంకా సాగుతోంది. ఒకామె పక్క వీధి హోటల్లో గిన్నెలు కడిగి సంపాదిస్తుంది, కరెంటు బిల్లులో తన వాటా ఇస్తుంది. ఒకామె ఏ పనికీ వెళ్ళదు, రోజంతా పిట్టగోడ దగ్గర నిలబడి వీధి చూస్తుంది. అది కూడా ఆమె ఇష్టమే. సంస్థ నుంచి వచ్చిన సహాయకురాలు గిన్నెలు సర్దుతోంది గానీ, వంట ఏమిటో ఆమె చెప్పదు.

ఈ ఇల్లు దొరకడానికి పదకొండు ఇళ్ళు తిరిగారట. విషయం దాచి అడిగితే దొరికేది. దాచకూడదనుకున్నారు. "పిచ్చోళ్ళకి ఇల్లివ్వాలా?" అన్నవాళ్ళ మధ్య ఒక రిటైరైన టీచరమ్మ, నెల అద్దె సరిగ్గా వస్తుందా అని మాత్రం అడిగింది. ఇరుగు పొరుగు మొదట్లో పిల్లల్ని ఇటు రానివ్వలేదు. సంక్రాంతికి ఈ ఇంటి నుంచి పొంగలి గిన్నెలు వెళ్ళాయి. ఒకటి తప్ప అన్నీ కడిగి తిరిగొచ్చాయి, రెండింట్లో మురుకులు వేసి ఇచ్చారు.

ఈ ఇంట్లో ఐదో మంచం ఖాళీ. అక్క ఈ పూట ఒకరిని వెంటబెట్టుకొచ్చింది. పలాస ఆమే. మడమ మానింది. మూట ఇప్పుడు ఒక చిన్న చేతిసంచి. ఈమెకు ఇల్లు ఇవ్వాలా వద్దా అన్నది సంస్థ తేల్చదు. ఇక్కడ ఉండే నలుగురూ, ఆమె కలిసి తేల్చుకోవాలి. అక్క గుమ్మం దగ్గరే కూర్చుంది, కల్పించుకోదు.

చేపలావిడ చేయి తుడుచుకుని వచ్చింది. "రాత్రి పదికి లైటు తీసేస్తాం. నీకు చీకటి పడుతుందా?"

"పడదు. సిన్న బల్బు ఉండాల."

"వసారాలో పెట్టుకుందాం. గొంతులొస్తాయా?"

"వస్తాయి. మునుపంత నేదు."

"నాకూ వస్తాయి. అరవాలనిపిస్తే మమ్మల్ని లేపు, గోడకు తల కొట్టుకోవద్దు. చేపలు తింటావా?"

"సముద్రం పక్కనే పుట్టినాను, సేపలు తిననేటి?"

అలిగినావిడ వసారా నుంచి గట్టిగా అంది, ఇంకో చేపల మనిషా అని. అందరూ నవ్వారు, ఆవిడ నవ్వలేదు. పలాస ఆమె లేచి ఇల్లంతా తిరిగి చూసింది. వంటిల్లు, స్నానాల గది, ఐదో మంచం. తలుపు దగ్గర ఆగి గడియ వేసి తీసింది, మళ్ళీ వేసి తీసింది.

"ఈ గెడ ఎవులేత్తారు?"

"ఎవరు ముందు పడుకుంటే వాళ్ళు."

రెండు రాత్రులు ఉండి చూస్తానంది. వాళ్ళూ అదే అన్నారు, రెండు రాత్రులు చూసి చెబుతామని. చేపలకు మసాలా ఎవరు నూరాలన్న దగ్గర మాట పెరిగింది. శ్రీకాకుళంలో చింతపండు ఎంత వేస్తారో ఆమె చూపించబోతే చేపలావిడ గిన్నె లాక్కుంది. మధ్యలో అక్క లేచి చెప్పులేసుకుంది. ఐదో మంచానికి పరుపు లేదు, షాపు మూసేలోపు వెళ్ళి తేవాలి. దూదిదా, కొబ్బరి పీచుదా అని గుమ్మంలోంచే కేకేసింది. లోపల్నుంచి మూడు జవాబులొచ్చాయి, మూడూ వేరు. పడుకునే మనిషి నువ్వే వచ్చి చూసుకో అని అక్క పలాస ఆమెను పిలిచింది, ఇద్దరూ బజారు వైపు నడిచారు.